రెండు వైపులు, రెండు శ్రుతులు: ఒక పాత ఫిడేలు రికార్డు అసలు వేగం తేల్చిన తీరు

ఈ రికార్డు మార్చి నెలలో నా దగ్గరికి వచ్చింది. తెచ్చిన పెద్దాయన ప్రొద్దుటూరులో బడిపంతులుగా పనిచేసి పదవీ విరమణ చేసినవారు. వాళ్ల నాయన ఫిడేలు వాయించేవారు, ఊళ్లో పిల్లలకు నేర్పేవారు. ఆయన పోయాక గ్రామఫోను ఎవరికో వెళ్లిపోయింది, ఇనుప పెట్టెలో అడుగున ఈ ఒక్క రికార్డు మాత్రం మిగిలింది. పది అంగుళాల లక్క పళ్లెం, రెండు వైపులా రికార్డయినది. లేబులు కాగితం సగానికి పైగా ఊడిపోవడంతో వాయించినవారి పేరు తెలియడం లేదు. ఒక వైపు ‘ఫిడేలు’ అనే మాట, రెండో వైపు ‘మోహన’ అనే మాట మాత్రం చదవగలిగాం. ఒక వైపు మోహన రాగాలాపన, రెండో వైపు అదే రాగంలో ఆది తాళంలో ఒక త్యాగరాజ కృతి. మైక్రోఫోను లేకుండా కొమ్ముబూర ముందు కూర్చుని వాయించిన రికార్డని ధ్వని వినగానే తెలిసిపోతుంది, అంటే 1925కు ముందుదని అనుకోవచ్చు.

ఆయన అడిగిన సంగతి చాలా సూటిగా ఉంది. “మా నాయన దీన్ని పెట్టి దాంతోపాటే తానూ వాయించేవాడప్పా. ఇప్పుడు మా మనవరాలు వాయిద్దామంటే ఏ శ్రుతికీ కలవడం లేదు. టౌనులో ఒక షాపులో కంప్యూటరుకు ఎక్కించి ఇచ్చినారు, అదీ కలవడం లేదు. ఎక్కడ తప్పుందో చూసి పెట్టు నాయనా” అన్నారు.

పాత రికార్డులో శ్రుతికీ కాలప్రమాణానికీ ముడి ఉంటుంది. మైనంలో గాడి కోసేటప్పుడు పళ్లెం నిమిషానికి ఎన్ని చుట్లు తిరిగిందో, మనం వినేటప్పుడు కూడా అన్నే చుట్లు తిరగాలి. ఎక్కువ తిరిగితే శ్రుతి పెరుగుతుంది, నడకా పెరుగుతుంది, రెండూ ఒకే పాళ్లలో పెరుగుతాయి. 78 దగ్గర ఒక్క చుట్టు తేడా వస్తే శ్రుతి సుమారు 22 సెంట్లు జరుగుతుంది. ఒక స్వరస్థానానికీ పక్క స్వరస్థానానికీ మధ్య దూరాన్ని 100 సెంట్లుగా లెక్కిస్తాం. నాలుగున్నర చుట్లు తేడా వస్తే నాలుగు శ్రుతిలో వాయించినది పక్క మెట్టు అయిన నాలుగున్నరలో వినిపిస్తుంది (ఒకటి, ఒకటిన్నర, నాలుగు, నాలుగున్నర అన్నవి హార్మోనియం మెట్లను బట్టి షడ్జానికి, అంటే ‘స’ స్వరానికి, పెట్టుకున్న పేర్లు). ఇన్నాళ్లూ మనం ‘78 రికార్డు’ అని పిలుస్తున్నా, కొమ్ముబూర కాలంలో ఆ అంకె కట్టుబాటు కాదు. బరువు కిందికి దిగే బలంతో తిరిగే యంత్రానికి వేగాన్ని అదుపు చేసే గవర్నరు మరను ఆ రోజు ఆపరేటరు ఎక్కడ బిగించాడో అదే వేగం. 70 మొదలు 80 దాటిన వేగాల వరకు అప్పటి రికార్డుల్లో ఎదురవుతూనే ఉంటాయి. కరెంటు మోటార్లు వచ్చాకే కరెంటు సెకనుకు 50 సైకిళ్లుండే దేశాల్లో 77.92, 60 సైకిళ్లుండే దేశాల్లో 78.26 అనే వేగాలు స్థిరపడ్డాయి.

ముందుగా నా యంత్రం సంగతి తేల్చుకోవాలి, ఎందుకంటే కొలబద్దే తప్పయితే కొలతలన్నీ తప్పే. నా టర్న్‌టేబుల్‌ను రెండంగుళాల మందం కడప బండ మీద, కింద రబ్బరు ముక్కలు పెట్టి నిలిపాను. ఆ బరువు వీధిలో లారీ వెళ్లినా అదురును పళ్లెం దాకా రానివ్వదు. వేగం చూడడానికి 77 గీతల స్ట్రోబు చక్రం వాడతాను, వేగం సరిగా ఉంటే కరెంటుతో పాటు మినుకుమనే దీపం కింద దాని గీతలు కదలకుండా నిలిచినట్టు కనిపిస్తాయి. మామూలు ఎల్‌ఈడీ దీపం కింద ఆ గీతలు సరిగా నిలవవు, చోకు ఉన్న పాత ట్యూబులైటు గాని, టెస్టరులో ఉండే నియాన్ బల్బు గాని కావాలి. కరెంటు పోయి ఇన్వర్టరు మీదికి వెళ్లినప్పుడు ఆ కొలతను నమ్మను. అందుకే ఇంకో తనిఖీ కూడా చేస్తాను. ఈ రికార్డుకు అంచు నుంచి లోపలికి ఒక గీటు పడి ఉంది, అది చుట్టుకొక్కసారి ‘టిక్’మంటుంది. ఎక్కించిన ఫైలులో 100 టిక్కులకు ఎంత సమయం పట్టిందో లెక్కపెడితే సరిగ్గా 77.0 సెకన్లు వచ్చింది, అంటే నిమిషానికి 77.92 చుట్లు. రికార్డును పాడుచేసిన గీటే నాకు అన్నిటికన్నా నమ్మకమైన గడియారమైంది.

నడిమి రంధ్రం నట్టనడుమ లేకపోవడం ఇంకొక చిక్కు. గాడి వ్యాసార్ధం 100 మిల్లీమీటర్లున్న చోట రంధ్రం ఒక్క మిల్లీమీటరు పక్కకు ఉన్నా శ్రుతి చుట్టుకొకసారి 17 సెంట్లు పైకీ 17 సెంట్లు కిందికీ ఊగుతుంది. సెకనుకు 1.3 సార్లు వచ్చే ఈ ఊపును నిదానమైన గమకమని (స్వరాన్ని కావాలని ఊపి పలికించడమని) పొరపడిన వాళ్లను నేను చూశాను. అందుచేత నడిమి కడ్డీ తీసేసి, సూది చెయ్యి అటూ ఇటూ ఊగడం ఆగేదాకా పళ్లాన్ని చేత్తో జరుపుతూ పోతాను. ఎండాకాలం మన కడపలో లక్క పళ్లాలు కొద్దిగా వంకర తిరగడం మామూలే, దీనికీ కొంచెం వంపు ఉంది. దానివల్ల వచ్చే తేడాను మాత్రం సగటు తీసి సరిపెట్టుకోవలసి వచ్చింది.

ఇక కొలతలు. మన ఫిడేలులో తీగలు స-ప-స-ప వరుసలో ఉంటాయి కాబట్టి, వేలు పెట్టకుండా వదిలిన రెండో తీగ మధ్య షడ్జం పలుకుతుంది. వేలితో నొక్కిన స్వరం గమకంతో కదలవచ్చు గాని వదులు తీగ కదలదు, అందుకని కొలవడానికి అదే సరైన చోటు. ఆలాపన వైపు అలాంటి చోట్లు పద్నాలుగు ఏరి సగటు తీస్తే షడ్జం 372 హెర్ట్జ్ (సెకనుకు 372 కంపనాలు) వచ్చింది. నేటి కొలతలో నాలుగున్నర శ్రుతి 370 హెర్ట్జ్. తేడా తొమ్మిది సెంట్లే కావడంతో ఇది నాలుగున్నర శ్రుతేనని, వేగం 77.5 అని వెంటనే రాసేసుకున్నాను. కృతి వైపు తిప్పి కొలిస్తే ప్రారంభంలో షడ్జం 385 వచ్చింది, అంటే అరవై సెంట్లు ఎక్కువ. రెండు వైపుల మధ్య విరామంలో వాయించినవారు తీగలు కాస్త బిగించి ఉంటారని నిర్ణయించుకుని, పెద్దాయనకు ఇచ్చిన మొదటి నివేదికలో ఆ మాటే రాశాను. అది నా తప్పు. ఆధారం వెతకకుండా, ఒక వైపు తేలిగ్గా కలిసిందన్న తృప్తితో రెండో వైపుకు కథ అల్లాను.

ఆ తప్పును బయటపెట్టింది రికార్డులో ఫిడేలు వెనుక ఎడతెగకుండా శ్రుతి మోగించే రీడ్ల పెట్టె, అంటే శ్రుతిపెట్టె. ఆలాపన చివర కమాను తీగ మీంచి లేచిన తర్వాత రెండు సెకన్ల పాటు, గరగర చప్పుడు వెనుక సన్నగా, పెట్టె శ్రుతి ఒక్కటే వినిపిస్తుంది. కృతి వైపు కూడా పల్లవికీ అనుపల్లవికీ నడుమ ఒక చిన్న ఖాళీలో అది పైకి తేలుతుంది. ఆ రెండు చోట్లా పెట్టె షడ్జాన్ని కొలిస్తే, అదీ అరవై సెంట్లు జరిగి ఉంది. ఫిడేలు తీగను బిరడ తిప్పి ఎంతైనా బిగించవచ్చు గాని, ఇత్తడి రీడు రెండు పాటల నడుమ అరవై సెంట్లు పెరగదు. కనుక మారింది ఫిడేలు శ్రుతి కాదు, పళ్లెం తిరిగిన వేగం. రెండు వైపులనూ రెండు వేర్వేరు వేగాల్లో కోశారు, కృతి వైపు మూడున్నర శాతం నిదానంగా కోశారు. నిదానంగా తిప్పితే అదే పళ్లెంలో ఇంకొన్ని సెకన్లు పడతాయి కాబట్టి, కృతి మొత్తం పట్టించడానికి ఆపరేటరు మర వదులు చేసి ఉంటాడని నా ఊహ.

కృతి వైపులోనే ఇంకో విషయం ఉంది. ప్రారంభంలో 385 ఉన్న షడ్జం చివరికి 379కి దిగింది, అంటే 27 సెంట్లు. గట్ (పేగు) తీగలు వాయిస్తుండగా, అందులోనూ ఉక్కలో, వదులవుతాయని ఫిడేలు వాళ్లందరికీ తెలుసు, కాబట్టి తీగ దిగిందని అనుకోవడం సహజం. ఇక్కడా పెట్టెనే సాక్ష్యం అడగాలి. చివర్లో కమాను ఆగాక వినిపించే పెట్టె శ్రుతి కూడా ఫిడేలుతో పాటే దిగి ఉంది. తీగ ఒక్కటే వదులై ఉంటే ఫిడేలు పెట్టెతో ఎడమై అపశ్రుతి వినిపించేది. అది లేదు. కోసే సూదికి మైనం పెట్టే పట్టు పెద్ద చుట్ల దగ్గర ఎక్కువ, లోపలి చుట్లకు వచ్చేకొద్దీ తక్కువ అవుతుంది. ఆ భారం తగ్గి యంత్రం కొద్దిగా వేగం పుంజుకున్నదన్న మాట. కోసేటప్పుడు వేగం పెరిగిన గాడిని మనం ఒకే వేగంతో వింటే శ్రుతి జారుతున్నట్టు వినిపిస్తుంది.

ఇంతవరకు తేలింది రెండు వైపుల మధ్య నిష్పత్తి మాత్రమే. అసలు శ్రుతి ఎంత అన్నది తేలలేదు. హార్మోనియం, శ్రుతిపెట్టె రీడ్లు స్వరస్థానాల మెట్ల మీద ఉంటాయి గనుక, షడ్జం ఏదో ఒక మెట్టు దగ్గరే ఉండాలి. అయితే ఆ మెట్లు ఏ కొలతకు తీర్చినవన్నది ప్రశ్న. ఇప్పుడు ఆరు శ్రుతి అంటే 440 అని మనం ఖాయం చేసుకున్నది 1939 లండన్ సమావేశం నుంచి. అంతకు ముందు ఫ్రాన్సులో 1859 నుంచి 435 చట్టబద్ధంగా ఉండేది, ఇంగ్లండులో పాత కచేరీ శ్రుతి 452 దాకా పోయేది. హార్మోనియం పుట్టింది ప్యారిస్‌లో, 1842లో డెబెయిన్ చేతుల్లో. మన దేశానికి ఫ్రెంచి రీడ్లూ వచ్చాయి, ఇంగ్లీషు వాడుకా వచ్చింది. అందువల్ల నా ముందు మూడు దారులు నిలిచాయి. నాలుగున్నర శ్రుతి అనుకుంటే, రీడ్లు 435వో 440వో అన్నదాన్ని బట్టి, ఆలాపన వైపు 76.6 నుంచి 77.5, కృతి వైపు మొదట్లో 74.0 నుంచి 74.9. పాత ఇంగ్లీషు కొలతలో నాలుగు శ్రుతి అనుకుంటే 75.1, 72.6. నేటి కొలతలో నాలుగు శ్రుతి అనుకుంటే 73.1, 70.7.

ఇక్కడ పెద్దాయన ఒక ఆధారం తెచ్చారు. రికార్డు పెట్టుకున్న కాగితపు సంచి మీద వాళ్ల నాయన పెన్సిలుతో ‘నాలుగున్నర’ అని రాసుకున్నారు. ఆ అక్షరాలు చూపించేటప్పుడు ఆయన కళ్లలో మెరుపు నాకు ఇప్పటికీ గుర్తుంది. కాని ఆయనకు నిజం చెప్పక తప్పలేదు. “మీ నాయనగారు గ్రామఫోను మీద ముల్లును తిప్పి వేగం సరిచేసుకునేవారా సార్?” అని అడిగితే, “అవునప్పా, తన ఫిడేలు శ్రుతికి కలిసేదాకా తిప్పేవాడు, రెండో పక్కకు మళ్లా తిప్పేవాడు” అన్నారు. అంటే నాలుగున్నర అన్నది ఆయన ఫిడేలు శ్రుతి, రికార్డును దానికి తెచ్చుకున్నారు. అది అసలు శ్రుతికి సాక్ష్యం కాజాలదు. అయితే ఆ జవాబులో రెండో సగం నన్ను ఆపింది: రెండు వైపులకూ ముల్లు వేర్వేరు చోట్ల ఉండాలని, ఏ కొలత పరికరమూ లేకుండా, ఆ ఫిడేలు ఆయన చెవి అన్నేళ్ల కిందటే కనిపెట్టింది.

మూడు దారుల్లో ఏది సరైనదో తేల్చడానికి ఇంకో పరీక్ష చేశాను. ఫిడేలు డొక్కలోని గాలి తనంతట తాను మోగే ఒక స్థానం ఉంటుంది, మామూలుగా 270 నుంచి 290 హెర్ట్జ్ మధ్య. ఆ దాపుల్లో పలికిన స్వరం ఎప్పుడూ కొంచెం నిండుగా వినిపిస్తుంది. ఆలాపనలో అలా నిండుగా మోగే చోటు, అంటే కొలతలో పైకి లేచిన గుబ్బ, 77.92 వేగంలో 291 దగ్గర కనిపించింది. మూడు దారుల్లోనూ దాన్ని లెక్కవేస్తే 289, 281, 273 వచ్చాయి. మూడూ ఇమిడిపోయాయి. పైగా కొమ్ముబూరకు తనదైన మోత ఉంటుంది, అది కూడా ఇలాంటి గుబ్బే చూపగలదు. ఆ కాలంలో డొక్కకు బదులు బూర బిగించిన స్ట్రో ఫిడేళ్లు కూడా రికార్డింగుల్లో వాడేవారు, వాటికి డొక్క గాలే ఉండదు. ఈ పరీక్షను పక్కన పెట్టాను.

కృతి వైపు మొదట్లో ఒక మగ గొంతు “మోహన రాగం, ఆది తాళం” అంటుంది. పాతకాలం రికార్డుల్లో ఇలాంటి ప్రకటనలు ఉండేవి. 1902లో కలకత్తాలో రికార్డయిన గౌహర్ జాన్ పాట చివర తన పేరు చెప్పుకోవడం చాలామంది విన్నదే. పాడే గొంతు శ్రుతిని బట్టి మారుతుంది గాని, మాట్లాడే గొంతులో దీర్ఘమైన ‘ఆ’ పలికే తీరు మనిషి నోటి నిర్మాణానికి కట్టుబడి ఉంటుంది. నాలుగు వేగాల్లో నాలుగు ఫైళ్లు చేసి, ఏది ఏదో చెప్పకుండా, నలుగురికి వినిపించాను. 77.92 వేగంలోది చిన్నపిల్లవాడి గొంతులా ఉందని నలుగురూ తోసేశారు. మిగిలిన మూడింటి మధ్య మాత్రం ఏకాభిప్రాయం రాలేదు: 74.9ని ఇద్దరు, 72.6ని ఒకరు, 70.7ని ఒకరు ఎంచుకున్నారు. అంటే కృతి వైపును నేటి మామూలు వేగంలో వినకూడదన్నది గట్టిపడింది, అంతకు మించి తేలలేదు.

తేల్చినది నంద్యాలలో రికార్డులు సేకరించే ఒక మిత్రుడి ఇంట్లో దొరికింది. ఏటవాలుగా టార్చిలైటు వేసి మన రికార్డు ఆలాపన వైపు లేబులు పక్కన గీసిన మాతృక సంఖ్యను (రికార్డు చేసిన వరుసలో కంపెనీ వేసే సంఖ్యను) చదివి ఆయనకు చెప్పాను. దానికి సరిగ్గా ముందు సంఖ్య ఉన్న గాత్రం రికార్డు ఆయన దగ్గర ఉంది. ఆ గాయకుడే 1925 తర్వాత మైక్రోఫోనుతో చేసిన రికార్డు కూడా ఉంది, అప్పటికి వేగం 78 చుట్టూ చాలావరకు నిలదొక్కుకుంది. రెండింటిలోనూ ‘ఆ’, ‘ఈ’, ‘ఓ’ అచ్చులు ఎక్కడ బలంగా మోగుతున్నాయో పోల్చి చూస్తే, పాత రికార్డును 76కూ 78కీ మధ్య తిప్పినప్పుడు అవి బాగా కుదిరాయి. సంఖ్యలు పక్కపక్కన ఉన్నంత మాత్రాన వేగం ఒకటేనని చెప్పలేం, మన రికార్డు రెండు వైపులే దానికి ఉదాహరణ. కాని గాత్రం వెనుక వినిపించే పెట్టె షడ్జాన్ని 77.92 వేగంలోనే కొలిస్తే 278.7 హెర్ట్జ్ వచ్చింది. ఇది నేటి ఒకటిన్నర శ్రుతి కంటే తొమ్మిది సెంట్లు ఎక్కువ, ఆలాపన వైపు నాలుగున్నర కంటే ఎంత ఎక్కువో సరిగ్గా అంతే. రెండింటి మధ్య దూరం ఐదు స్వరస్థానాలు, ఒక్క సెంటు కూడా అటూ ఇటూ లేదు. ఆ రోజు అక్కడ ఉన్నది ఒకే పెట్టె అయితే, ఈ రెండు వైపులూ ఒకే వేగంలో కోసినవి. లేదా వాటి మధ్య సరిగ్గా ఒక పూర్తి మెట్టు, అంటే నాలుగు చుట్లకు పైగా, తేడా ఉండాలి. రెండోది జరిగే వీలు చాలా తక్కువ.

అందుచేత మొదటి దారినే తీసుకున్నాను. ఆలాపన వైపు 77.5, కృతి వైపు 74.9తో మొదలై 76.1కి చేరే వేగం. పాత ఇంగ్లీషు నాలుగు శ్రుతిని పూర్తిగా కొట్టివేయలేను, ఆ 75.1 నా అంచనా అంచుకు కొంచెం బయటే ఉంది. నేటి నాలుగు శ్రుతిని మాత్రం వదిలేశాను. రీడ్లు 435 కొలతవైతే నిజమైన షడ్జం నేనిచ్చినదాని కంటే 20 సెంట్లు తక్కువ ఉండవచ్చు.

ఇప్పుడు నడక సంగతి. నేను కాలప్రమాణాన్ని చివరికి వదిలి ఉంచడానికి కారణం ఉంది. ఏ వేగంలో విన్నా ఈ కృతి నడక వినసొంపుగానే ఉంటుంది. 77.92లో ఒక ఆది తాళ ఆవర్తనానికి 5.0 సెకన్లు, 74.9లో 5.2, 70.7లో 5.5, వీటిలో ఏది విన్నా చెవి అభ్యంతరం చెప్పదు, ఎవరి గురుసంప్రదాయాన్ని బట్టి వాళ్లకు ఒకటి నచ్చుతుంది. ‘పాతవాళ్లు ఇంత వేగంగా వాయించరు’ అని నడకతో మొదలుపెట్టి శ్రుతిని దానికి సర్దితే మన అలవాటే రికార్డులోకి ఎక్కుతుంది. శ్రుతిని పెట్టె సాక్ష్యంతో నిలబెట్టాక నడకను కొలిస్తే, ఎవరూ ఊహించని సంగతి ఒకటి కనిపించింది. సరిచేయని ఫైలులో తాళం అక్షరాలు (ఆవర్తనానికి ఎనిమిది లెక్కలు) నిమిషానికి 96తో మొదలై 102తో ముగుస్తాయి, ఆరు శాతం పెరుగుదల. సరిచేసిన తర్వాత 92.3తో మొదలై 99.6తో ముగిశాయి, అది ఎనిమిది శాతం. యంత్రం వేగం పుంజుకోవడం వల్ల విద్వాంసుడు నిజంగా ఎంత తొందరపడ్డారో అందులో కొంత ఇన్నాళ్లూ మరుగుపడింది. మూడు నిమిషాల పైచిలుకులో చరణం ముగించాలన్న ఒత్తిడి ఆ కమానులో వినిపిస్తుంది. కృతి వైపు నిడివి 3 నిమిషాల 8 సెకన్ల నుంచి 3 నిమిషాల 14 సెకన్లకు పెరిగింది, ఆలాపన వైపు ఒక్క సెకనే పెరిగి 2 నిమిషాల 57 సెకన్లయింది.

షాపువాళ్లు ఇచ్చిన ఫైలు ఎందుకు కలవలేదో కూడా చెప్పాలి. ఆడాసిటీ వంటి సాఫ్ట్‌వేరులో శ్రుతి మార్చడానికొక ఆజ్ఞ, నడక మార్చడానికొక ఆజ్ఞ, రెండూ కలిపి వేగం మార్చడానికొక ఆజ్ఞ విడివిడిగా ఉంటాయి. వాళ్లు కృతి వైపు శ్రుతిని మాత్రమే దించి నడకను అలాగే ఉంచారు, అదీ మొదలు నుంచి చివరి దాకా ఒకే కొలతతో దించారు. దానివల్ల మొదట్లో కలిసిన శ్రుతి చరణానికి వచ్చేసరికి దిగజారింది, నడక ఏ మనిషీ వాయించనిది అయింది. పాత రికార్డుకు పనికొచ్చేది మూడో ఆజ్ఞ ఒక్కటే, జారుడు ఉన్న చోట దాన్ని వాలు వెంట క్రమంగా మార్చుతూ వాడాలి.

పెద్దాయనకు మూడు రకాల ఫైళ్లు ఇచ్చాను: ఏమీ తాకని మూలప్రతి, నేను నిర్ణయించిన వేగంలోది, పాత ఇంగ్లీషు కొలతలోది. మనవరాలు తన ఫిడేలును నాలుగున్నరకు తీర్చి రెండోదానితో వాయించి చూసింది. కృతి మొదటి నుంచి చివరి చిట్టస్వరం దాకా బిరడ ముట్టుకోవలసిన పని రాలేదు. కొలతలన్నీ ఒక కాగితం మీద రాసి, మొదటి నివేదికలో తీగల గురించి నేను రాసిన మాటను కొట్టివేసి, తేదీ వేసి సంతకం చేసి రికార్డు సంచిలో పెట్టాను. సంచి మీది పెన్సిలు రాత చెరిగిపోకుండా పలుచని ప్లాస్టిక్ కాగితం తొడిగాము.